కళ్ళు మూసుకుంటే నాకేమీ కనపడదు

ముందే చెప్పేస్తున్నా, నేను డాక్టర్ని కాదు, క్లాసులు చెప్పేదాన్నీ కాదు. విజయవాడ పాయకాపురంలో ఇంట్లోనే జాకెట్లు కుట్టుకునే మనిషిని, వయసు 46. ఏడాది పాటు సరిగ్గా నిద్రపోని నేను, మనసులో ఊహించుకునే ఒక పద్ధతి నేర్చుకుని మళ్ళీ నిద్రపోతున్నాను. అదెలా అని మా వీధిలోనే నలుగురైదుగురు అడిగారు. ఒక్కొక్కళ్ళకీ మొదట్నించీ చెప్పలేక రాసేస్తున్నాను, కాస్త పెద్దదే అవుతుంది.

2024 సెప్టెంబర్ 1, ఆదివారం. బుడమేరు గురించి బెజవాడ వాళ్ళకి చెప్పక్కర్లేదు. బయటి ఊళ్ళ వాళ్ళ కోసం చెప్తున్నా, మైలవరం వైపు కొండల్లో పుట్టి, మా ఊరిని ఒరుసుకుంటూ పోయి కొల్లేట్లో కలిసే వాగు అది. ఆ వానలకి గట్టుకి మూడు చోట్ల గండ్లు పడి సింగ్ నగర్, రాజరాజేశ్వరి పేట, మా పాయకాపురం అన్నీ మునిగాయి. అటు కృష్ణలో చూస్తే ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు, బ్యారేజీ కట్టాక ఎన్నడూ రానంత నీరు. ఆ అంకెలన్నీ మాకు తర్వాత తెలిసాయి. అప్పుడు మాకు తెలిసింది ఒక్కటే, మంచం మీద పడుకున్న మా అత్తయ్య "కింద తడిగా ఉందేంటే" అనడం.

మాది కింద వాటా. అత్తయ్యని మా ఆయన ఎత్తుకున్నాడు, మా అమ్మాయి తన సర్టిఫికెట్లు పట్టుకుంది, నేను గ్యాస్ బండా, బియ్యం డబ్బా పైకి చేర్చాను. మళ్ళీ దిగేసరికి నీళ్ళు నడుం దాకా వచ్చేశాయి. ఇక దిగలేదు. కుట్టాల్సిన బట్టలన్నీ బీరువా పక్కన కింది అరలో ఉన్నాయి. వచ్చే శనివారమే వినాయక చవితి, పైగా శ్రావణమాసం పెళ్ళిళ్ళ బట్టలు, మొత్తం 23 జాకెట్ ముక్కలు, ఫాల్ కుట్టమని ఇచ్చిన రెండు పట్టుచీరలు. అందులో ఒకటి ఓ పెళ్ళికూతురి ముహూర్తం చీర, మీగడ రంగుకి ఎర్రంచు. గ్యాస్ బండకి బదులు ఆ సంచి పట్టుకుని ఉంటే అయిపోయేది. ఈ మాట నాలో నేను ఎన్ని వందల సార్లు అనుకున్నానో లెక్కలేదు.

పైవాటా పిన్నిగారింట్లో మూడు రోజులున్నాం. డాబా మీదకి డ్రోన్లు అన్నం పొట్లాలు తెచ్చి దించేవి, పిల్లలు వాటికోసం ఎగబడేవాళ్ళు, అదో వింత. రాత్రిళ్ళు కరెంటు లేదు. చీకట్లో కింద మా ఇంట్లోంచి ఒకటే శబ్దం, టక్... టక్... టక్. నేను కూర్చుని కుట్టుకునే చెక్క స్టూలు నీళ్ళలో తేలుతూ తలుపుకి కొట్టుకుంటోంది. మూడు రాత్రులూ అదే విన్నాను.

నీళ్ళు పోయాక ఫైరింజన్లు వచ్చి వీధుల్లో బురద కడిగాయి. చీరల జరీ నల్లబడిపోయింది, ఎర్రంచు రంగు మీగడ రంగు మీదకంతా దిగిపోయింది. కింద వాటాల వాళ్ళకి గవర్నమెంటు ఇచ్చిన 25 వేలతో మిషన్ మోటారు, పరుపులు, స్టవ్ అయ్యాయి. ఇల్లు సర్దుకుంది.

నేను సర్దుకోలేదు. వారానికి మూడు నాలుగు సార్లు అదే కల. తలుపు కిందనుంచి నీళ్ళు రావడం, జాకెట్ ముక్కలు ఒక్కొక్కటే తేలిపోవడం, నేను పట్టుకోబోతే చెయ్యి కదలకపోవడం, ఆ టక్ టక్. మూడింటికి మెలకువ వచ్చేది. వచ్చీ రాగానే మంచం మీంచి చెయ్యి కిందకి దించి టైల్స్ తడిమి చూసుకునేదాన్ని, తడి ఉందేమోనని. పైన ట్యాంకు నిండి పైపులోంచి నీళ్ళు కారినా గుండె దడే. మిషన్ దగ్గర కూర్చుంటే పది నిమిషాలకి లేచిపోయేదాన్ని. "ఇప్పుడు చెయ్యట్లేదమ్మా" అని కస్టమర్లని తిప్పి పంపేశాను.

హైదరాబాద్‌లో ఉండే మా మరిది వీడియోలు పంపించేవాడు. "వదినా, బెంజి సర్కిల్లో పెద్ద షాపు పెట్టినట్టు, బోర్డు మీద నీ పేరున్నట్టు రోజూ ఊహించుకో, అదే వచ్చేస్తుంది" అని. మంచివాడే, నా బాగు కోరే చెప్పాడు. నెల రోజులు చేశాను. చేస్తున్నంతసేపూ బాగానే ఉండేది, ఒంట్లో కాస్త హాయిగా కూడా ఉండేది, లేచాక మాత్రం సూదిలో దారం ఎక్కించబుద్ధి కూడా అయ్యేది కాదు, ఎందుకంటే షాపు పెట్టేసినంత పని మనసులో అయిపోయిందిగా మరి! మా ఆయన అననే అన్నాడు, "ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం" అని. అప్పుడు కోపమొచ్చింది.

2025 జూలైలో వానలు మొదలవగానే నా పరిస్థితి చూసి మా అమ్మాయి ఊరుకోలేదు. వాళ్ళ కాలేజీలో ఎవరో చెప్పారట, ఒక సైకాలజిస్టు మేడమ్ దగ్గరకి లాక్కెళ్ళింది. "పిచ్చి డాక్టరు దగ్గరకా" అని మా ఆయన గొణిగాడు కానీ సిటీ బస్సు దాకా వచ్చి దిగబెట్టాడు.

మేడమ్ మొదటి రోజు నా కథంతా విన్నారు. రెండోసారి వెళ్ళినప్పుడు "కళ్ళు మూసుకోండమ్మా, చేతిలో నిమ్మకాయ ఉన్నట్టు అనుకోండి, చాకుతో కోస్తున్నారు" అన్నారు. మూసుకున్నాను. చీకటి. "ఏం కనిపిస్తోంది?" అంటే ఏమీ లేదండీ అన్నాను. నిజంగానే నాకు బొమ్మ రాదు. ఇన్నాళ్ళూ "కళ్ళకి కట్టినట్టు" అంటే మాటవరసకి అంటారనుకున్నానే గానీ, జనానికి నిజంగానే కనపడుతుందని నాకు తెలీదు. మా అమ్మాయిని అడిగితే దానికి నిమ్మకాయ మీద చుక్కలు కూడా కనిపిస్తాయంట! నేనిక దీనికి పనికిరానని లేవబోయాను.

"నోట్లో ఏమైనా అయిందా?" అని అడిగారు మేడమ్. నీళ్ళూరాయి. చాకు దిగేటప్పుడు కాయ జారడం, వేలి మీద గోరు పక్కన చిన్న కోత ఉంటే రసం తగిలి చురుక్కుమనడం, అదంతా తెలిసింది. చూడకుండానే.

మనసులో బొమ్మలు కనపడనివాళ్ళు చాలామందే ఉన్నారట. ఇంగ్లండులోని ఎక్సెటర్ యూనివర్సిటీలో ఆడమ్ జీమన్ అనే న్యూరాలజీ డాక్టరు 2015లో దానికి అఫాంటేసియా అని పేరు పెట్టారు. విచిత్రం ఏంటంటే అలాంటివాళ్ళలో చాలామందికి కలల్లో మాత్రం బొమ్మలు వస్తాయట. నాకు ప్రాణం లేచొచ్చింది. నా బాధంతా అదే కదా, కావాలంటే ఒక్క బొమ్మా రాదు, వద్దంటే రాత్రి మూడింటికి మొత్తం వస్తుంది.

"ఊహించుకోవడమంటే చూడడమే కాదమ్మా, చేతికి తెలిసింది, చెవికి తెలిసింది, ముక్కుకి తెలిసింది, ఏదైనా సరే" అన్నారు. ఆ మాట చెప్పకపోయి ఉంటే నేను మళ్ళీ వెళ్ళేదాన్ని కాదు.

ఇక అసలు పద్ధతి. పీడకలల కోసం ప్రత్యేకంగా ఉన్నదే. వినడానికి చిన్నపిల్లల ఆటలా ఉంటుంది. కలని కాగితం మీద రాయాలి. తర్వాత దాన్ని మన ఇష్టం వచ్చినట్టు మార్చి కొత్త కల రాయాలి. ఎలా మార్చాలో ఎవరూ చెప్పరు, మన ఇష్టమే. రోజూ పగలు, మెలకువగా ఉన్నప్పుడు, ఓ పది పదిహేను నిమిషాలు ఆ కొత్త కలని మనసులో నడిపించుకోవాలి. పాత కలని మాత్రం మళ్ళీ మళ్ళీ తలుచుకోకూడదు. మరీ ఘోరమైన కలతో కాకుండా కాస్త తేలికైన దానితో మొదలుపెట్టాలి. ఇది బ్యారీ క్రాకోవ్ అనే అమెరికా డాక్టరూ ఆయనతో పనిచేసినవాళ్ళూ లైంగిక దాడికి గురైన 168 మంది ఆడవాళ్ళతో పరీక్షించి చూసి 2001లో రాశారట. ఆ ఆడవాళ్ళు పడ్డ కష్టాల ముందు నా వరద ఎంత అనిపించింది వింటే. వాళ్ళకే కలలు తగ్గాయంటే చూద్దాం అనుకున్నాను.

ఇక్కడ ఒక తప్పు చేశాను, మీరు చెయ్యకండి. ఇంటికొచ్చి ఆత్రంగా ఆ రోజు రాత్రే ఒక్కదాన్నే మొదలుపెట్టాను, అదీ పెద్ద కలతోనే. కళ్ళు మూసుకోగానే మురుగు వాసన, డీజిల్ వాసన కలిసి గుప్పుమన్నాయి, చేతులు చల్లబడిపోయాయి, ఊపిరి అందలేదు. మేడమ్‌కి చెప్తే కళ్ళు తెరిచి చేయమన్నారు, అరికాళ్ళు నేలకి గట్టిగా ఆనించి, గదిలో ఉన్న వస్తువుల పేర్లు పైకి చెప్పుకుంటూ. అలా అదుపులోకి వచ్చాకే మళ్ళీ మొదలుపెట్టాం. నాలాగా ఏదైనా పెద్ద దెబ్బ తిన్నవాళ్ళు దీన్ని తెలిసినవాళ్ళ దగ్గరే నేర్చుకోవడం మంచిది, వీడియో చూసి చేసే పని కాదు.

మొదట నేను రాసిన కొత్త కల సినిమాలా ఉంది. ఎండ కాసింది, నీళ్ళు వెనక్కి పోయాయి, చీరలు పొడిగా మడతపెట్టి ఉన్నాయి. మేడమ్ వద్దనలేదు. వారం రోజులు నడిపించుకున్నాను, ఒక్క రాత్రి కూడా మార్పు లేదు. నాకు తెలుసు అది అబద్ధమని, నేనే నమ్మని కలని నా నిద్ర ఎలా నమ్ముతుంది?

ఒకరోజు మా అమ్మాయి జాకెట్టొకటి కుడదామని లైనింగ్ గుడ్డ బకెట్లో వేశాను. కుట్టేవాళ్ళకి తెలుసు, కాటన్ లైనింగ్‌ని తడిపి ఆరేసి, ఆ తర్వాతే కత్తిరించాలి, లేకపోతే మొదటి ఉతుక్కే లైనింగ్ కుదించుకుపోయి జాకెట్టు ముడతలు పడుతుంది. ఇరవై ఏళ్ళుగా చేస్తున్న పని. గుడ్డ నీళ్ళలో ముంచగానే ముందు బుడగలా పైకి లేస్తుంది, అరచేత్తో అదిమితే గాలి బుడబుడమని పోయి ఒక్కసారిగా బరువెక్కుతుంది. పిండేటప్పుడు కుడి మణికట్టు బయటికి తిరుగుతుంది, ఎడమది లోపలికి. దులిపితే మొహం మీద చిన్న తుంపర. ఆ తుంపర పడగానే ఆగిపోయాను. నీళ్ళంటే ఇంత భయపడుతున్న నేను, రోజూ గుడ్డల్ని చేజేతులా నీళ్ళలో ముంచుతూనే ఉన్నానుగా!

ఆ సాయంత్రం కల మార్చి రాశాను. తలుపు కిందనుంచి నీళ్ళొస్తాయి. రానీ. "అత్తయ్యా, కాళ్ళు పైన పెట్టుకో" అంటాను. స్టూలు టక్ టక్‌మంటూ తేలుతూ వస్తుంది, దాన్ని పట్టుకుని గోడకి ఆనించి కూర్చుంటాను. లైనింగ్ ముక్కలు ఒక్కొక్కటీ ఆ నీళ్ళలోనే ముంచి, అదిమి, పిండి, దులిపి, దండెం మీద వేస్తాను. అంతే. వరద తగ్గదు, చీరలు బాగుపడవు. నేను పనిలో ఉంటాను.

మేడమ్ చదివి నవ్వి, చేతులు కూడా కదిలించండి అన్నారు. అప్పుడే ఇంకో సంగతి చెప్పారు. 1992లో యూ, కోల్ అనే ఇద్దరు అమెరికాలో చిటికెన వేలి మీద ఒక పరిశోధన చేశారు. కొంతమంది నాలుగు వారాలు వేలితో నిజంగా వ్యాయామం చేశారు, కొంతమంది వేలు కదపకుండా చేస్తున్నట్టు ఊహించుకున్నారు, అంతే. నిజంగా చేసినవాళ్ళ వేలి బలం 30 శాతం పెరిగితే ఊహించుకున్నవాళ్ళదీ 22 శాతం పెరిగిందట. నేను నమ్మలేదు, రెండుసార్లు అడిగాను. కండ ఉబ్బి కాదు, వేలిని నడిపించే మెదడు వైపు నుంచి వచ్చిన మార్పు అన్నారు. పగలంతా సూది పట్టుకునే చెయ్యి నాది, ఆ లెక్క నాకు బాగా నచ్చింది.

రోజూ మధ్యాహ్నం భోజనాలయ్యాక పావుగంట. బొమ్మ రాదు కాబట్టి చేతులతోనే నడిపించుకునేదాన్ని, గాల్లో గుడ్డ పిండుతూ. మా అత్తయ్య ఒకసారి చూసి "దీనికేమైందిరా" అని మా ఆయన్ని పిలిచింది. మూడో వారంలో ఓ రాత్రి కల వచ్చింది, నీళ్ళు వచ్చాయి, నేను బకెట్ కోసం వెతుకుతున్నాను, ఎంత వెతికినా దొరకట్లేదు, విసుగొచ్చి లేచాను. విసుగు! భయం కాదు. తెల్లారి అందరికీ చెప్పుకుని నవ్వుకున్నాం. తర్వాత నుంచి వారానికి ఒకటి, ఆ తర్వాత పదిహేను రోజులకి ఒకటి. ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

మా పక్కింటావిడ ఇదంతా విని "అయితే థైరాయిడ్ కూడా ఇలాగే తగ్గించుకోవచ్చా" అంది. నాకూ ఉంది థైరాయిడ్, నేనూ అదే అడిగాను. మేడమ్ ఒక్కటే అన్నారు, "మాత్ర మానకండి." మానలేదు.

మిగిలింది ఆ ముహూర్తం చీర. వాళ్ళది సత్యనారాయణపురం. వరద తర్వాత ఫోన్లో ఒక్కసారి చెప్పాను పాడైందని, అవతల వాళ్ళమ్మగారు "సర్లే" అని పెట్టేశారు. ఆ పిల్ల ఇంకో చీరతో పీటల మీద కూర్చుంది. ఏడాది పాటు నేను ఆ వైపు వెళ్ళలేదు, ఆ బస్సు కూడా ఎక్కలేదు. ఈ చీర సంగతి మేడమ్‌తో చెప్పినప్పుడే మా మరిది వీడియోల సంగతీ అన్నాను. ఆవిడ ఇంకో పరిశోధన చెప్పారు. 1999లో లియెన్ ఫామ్, షెల్లీ టేలర్ అని కాలిఫోర్నియాలో ఇద్దరు, పరీక్షల ముందు కొందరు విద్యార్థులని మంచి మార్కులు వచ్చినట్టు ఊహించుకోమన్నారు, ఇంకొందరిని పుస్తకం తీసి కూర్చుని చదువుతున్నట్టు ఊహించుకోమన్నారు. చదువుతున్నట్టు అనుకున్నవాళ్ళే నిజంగా ఎక్కువ చదివారు, మార్కులూ వాళ్ళకే ఎక్కువ. సోమలింగం సామెతే అది, మా ఆయన ముందే చెప్పాడు, కాకపోతే ఫీజు తీసుకోలేదు.

దాంతో ఆ ఇంటికి వెళ్ళడాన్ని ముక్కలు ముక్కలుగా నడిపించుకున్నాను. వాళ్ళు క్షమించినట్టు కాదు. గేటు గొళ్ళెం తియ్యడం, చెప్పులు విడవడం, గొంతు ఎండిపోవడం, "అమ్మా, చీర ఖరీదు ఒకేసారి ఇవ్వలేను, నెలనెలా ఇస్తాను" అనడం. ఆవిడ అరిచినట్టు కూడా అనుకున్నాను, అరిస్తే మధ్యలో మాట్లాడకుండా నిలబడడం, మంచినీళ్ళు ఇచ్చినా ఇవ్వకపోయినా కూర్చోవడం. పది రోజులు చేశాను, సెప్టెంబర్‌లో వెళ్ళాను. ఇంటికి తాళం. అది మాత్రం ఊహించుకోలేదు!

రెండోసారి వెళ్తే ఉన్నారు. నేను అనుకున్నట్టు అరవలేదు, అయ్యో పర్లేదులే అనీ అనలేదు. నేనిచ్చిన రెండు వేలు లెక్కపెట్టుకుని కొంగున ముడేసుకుని "మిగతాది ఎప్పుడిస్తావు" అన్నారు. నెలకి వెయ్యి అన్నాను. "పాడైన చీర మాకెందుకు, నువ్వే ఉంచుకో" అన్నారు. అంతే, అయిదు నిమిషాల పని. బయటికొచ్చి బస్టాపులో కూర్చుంటే కాళ్ళు వణుకుతున్నాయి గానీ ఏడాది తర్వాత మొదటిసారి ఆకలేసింది, పక్కన బండి మీద రెండు పునుగుల ప్లేట్లు తిన్నాను. ఆ వారమే మళ్ళీ బట్టలు తీసుకోవడం మొదలుపెట్టాను. తీసుకున్న బట్టలు ఇప్పుడు కింది అరలో పెట్టను, మూతున్న ప్లాస్టిక్ డ్రమ్ములో పెట్టి అటక మీదకి ఎక్కిస్తాను. ఊహ ఊహే, అటక అటకే.

అక్టోబర్ 28 రాత్రి మొంథా తుఫాను తీరం దాటుతుందని టీవీల్లో ఒకటే హడావిడి. సాయంత్రం నుంచి వాన, గాలి. మా ఆయన రెండుసార్లు లేచి వీధిలోకి టార్చి కొట్టి చూసొచ్చాడు. నేను పడుకున్నాను, మూడింటికి మెలకువ వచ్చింది, అలవాటుగా చెయ్యి కిందకి దించి టైల్స్ తడిమాను. పొడిగా ఉన్నాయి. కాసేపు అలాగే పడుకుని వాన చప్పుడు విన్నాను, నిద్ర రాలేదు, అబద్ధం చెప్పను. తెల్లారితే ఇద్దరివి జాకెట్లు కత్తిరించాల్సి ఉంది, లైనింగ్ ఇంకా తడపలేదని గుర్తొచ్చింది. లేచి బాత్రూంలో లైటేసి, బకెట్ పెట్టి కుళాయి తిప్పాను.